కుంట నిండే దారి: రోహిణి నుంచి హస్త దాకా

రోహిణి కార్తె, మే ఆఖరు

మా కాలనీ వెనక ఒక కుంట ఉంది. హైదరాబాద్ పక్కన, హిమాయత్ సాగర్ జలాశయానికి ఎగువన. పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే ఎవరో వచ్చి 'లేక్ వ్యూ ప్లాట్లు' అని బోర్డు పాతుతారని నా భయం. రికార్డుల్లో ఆరెకరాల శిఖం, అంటే నిండితే నీళ్లు నిలిచే నేల. ఇవాళ చూస్తే నీళ్లు మా ఇంటి హాలంత మేర ఉన్నాయి. మిగతాదంతా నెర్రెలిచ్చిన ఒండ్రు, మధ్యలో బర్రెల గిట్టల గుంతలు.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. పోయినేడు ఆగస్టులో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. స్కూటీ సైలెన్సర్‌లోకి నీళ్లెళ్తే మెకానిక్‌కి పద్దెనిమిది వందలు ఇచ్చుకున్నాను. అదే వారం కుంట దగ్గరికెళ్తే సగం కూడా నిండలేదు. వీధి మునిగింది, వీధికి పల్లాన ఉన్న కుంట నిండలేదు. ఇదేం లెక్క?

ఈ వానకాలం ఆ లెక్క తేల్చాలని కూర్చున్నాను. నేనేం ఇంజినీర్ని కాను, గచ్చిబౌలిలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. జమ ఎంత, ఖర్చు ఎంత, మధ్యలో ఎక్కడ కారిపోతోంది అని వెతకడమే నా పని. నీళ్లకీ అదే పద్ధతి చెల్లుతుందనుకున్నాను.

సామాన్లు: పది అడుగుల పీవీసీ పైపు ఒకటి, నల్ల పెయింటు, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు మూడు, నోట్‌బుక్కు, తాడు, ఒక పాత స్టీలు గ్లాసు. గ్లాసు ఎందుకో తర్వాత చెప్తాను.

మృగశిర కార్తె, జూన్

మృగశిర ప్రవేశించిన రోజు ఇంట్లో చేపల పులుసు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేపమందు కోసం జనం క్యూ కట్టిన వీడియోలు ఫోన్‌లో. నేను మాత్రం బర్రెలాయన సాయంతో కుంటలో దిగి పైపు పాతాను. తూము దగ్గర, అన్నిటికంటే లోతైన చోట. ప్రతి సెంటీమీటరుకీ గీత, ప్రతి పదికీ అంకె. కుంట నిండితే మిగిలిన నీళ్లు పొర్లిపోయే చోటు మత్తడి. దాని గడప ఈ పైపు మీద 2.10 మీటర్ల దగ్గరికి వస్తుంది. అంటే నీళ్లు ఆ గీత దాటితే మత్తడి దుంకినట్టు.

నాలుగో రోజుకి పైపు పడిపోయింది. బర్రె వీపు గోక్కోవడానికి అంతకంటే మంచి స్తంభం దొరకలేదట. రెండోసారి సిమెంటు దిమ్మె పోసి నిలబెట్టాం. బర్రెలాయన ఒక ముళ్లకంప తెచ్చి చుట్టూ కట్టి, "ఇగ రాదు" అన్నాడు. రాలేదు.

వాన కొలిచే సీసా కూడా మొదట తప్పే చేశాను. పైభాగం కోసి, తిరగేసి గరాటులా పెట్టాను. బాగానే ఉంది కానీ ఆ సీసాల అడుగు చదునుగా ఉండదు, అయిదు కాళ్లలా గుంతలు ఉంటాయి. మొదటి జల్లుకి నాలుగు మిల్లీమీటర్లు పడిందని రాసుకున్నా, అదంతా ఆ గుంతల్లోదే. అడుగున కాస్త సిమెంటు పాలు పోసి చదును చేసి, దాని పైనుంచి స్కేలు అతికిస్తేగానీ దారికి రాలేదు. మొదటి సీసాని వేపచెట్టు కింద పెట్టానన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆకుల మీదనుంచి కారే నీళ్లు వాన ఆగాక కూడా అరగంట పడుతూనే ఉన్నాయి. ఇప్పుడు మూడూ డాబాల మీద ఉన్నాయి: ఒకటి మాది, ఒకటి ఎదురింటి రిటైర్డ్ సారుది, ఒకటి ఊళ్లో కిరాణా కొట్టు మీద.

వాన లెక్కలో నాకు బాగా నచ్చింది దాని సులువు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. హెక్టారు మీద అదే ఒక్క మిల్లీమీటరు పదివేల లీటర్లు, అంటే మా కాలనీకి వచ్చే రెండు ట్యాంకర్లు. ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం ఫోన్ చేసి చేసి విసిగిన వాళ్లకి ఈ లెక్క చెప్తే ఒక్క క్షణం మాట పడిపోతుంది.

గ్లాసు సంగతి. కట్ట కింద పాత మోటబాయి ఉంది. అందులో నీటి మట్టం ఎంత లోతున ఉందో తెలియాలంటే గ్లాసుని తాడుకి బోర్లా కట్టి దించాలి. నీళ్లకి తగలగానే 'టుబ్' మని శబ్దం వస్తుంది. అక్కడ తాడు పట్టుకుని ముడి వేసి, పైకి లాగి టేపుతో కొలవడమే. మొదటి కొలత 11.4 మీటర్లు. మా పాపకి ఈ పని తెగ నచ్చేసింది. ప్రతి ఆదివారం 'టుబ్' వినిపించేది తనే.

ఆరుద్ర, జూన్ ఆఖరు

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదంటారు. కురిసింది. మూడు సీసాల సగటు 38 మిల్లీమీటర్లు. రాత్రంతా కప్పల గోల. పొద్దున్నే వెళ్తే బావురు కప్పలు, మగవి పసుపు పూసినట్టు మెరిసిపోతూ, నిన్నటిదాకా నెర్రెలిచ్చిన మట్టిలోంచి ఇన్ని ఎలా లేచాయో అనిపించేలా. ఎండాకాలం అంతా అవి ఆ మట్టి కిందే ఉంటాయి, మొదటి గట్టి వానకి పైకొస్తాయి.

పైపు మీద చూస్తే: నిన్న 0.31, ఇవాళ 0.36. అయిదు సెంటీమీటర్లు. మొదట సంతోషపడ్డాను. ఇంటికొచ్చి అన్నం తింటుంటే తట్టింది. వాన 38 మిల్లీమీటర్లు, మట్టం పెరిగింది 50. అంటే 38 ఆకాశం నుంచి నేరుగా కుంటలో పడినవే! నేల మీదుగా పారి వచ్చింది 12 మాత్రమే. ఆ పన్నెండూ కుంట ఒడ్డున ఎండిన ఒండ్రు మీదనుంచి జారినవే అయి ఉంటాయి. బయటి నుంచి దాదాపు ఏమీ రాలేదు. ఆరుబయట పెట్టిన గిన్నెకీ మా కుంటకీ తేడా లేదు.

ఎండిన నేల మొదటి వానలు తనే తాగేస్తుంది, అది నిజమే. కానీ అదే రాత్రి మా వీధిలో చీలమండ లోతు నీళ్లున్నాయి. నేల తాగితే ఇవెక్కడివి?

పునర్వసు, జూలై మొదట్లో

కుంటకి నీళ్లు ఏ నేల మీదనుంచి రావాలో గీసుకున్నాను. పరీవాహక ప్రాంతం అంటే పెద్ద మాటలా ఉంటుంది గానీ విషయం చిన్నది: ఏ గట్టు మీద పడిన చినుకు ఇటు పారాలో అటు పారాలో తేలుతుందో ఆ గట్లన్నీ కలిపితే వచ్చే హద్దు. పాత టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే సర్వే మ్యాపు తీశాను. హైదరాబాద్ చుట్టుపక్కలంతా 56కె నంబరు షీట్లలో వస్తుంది. అందులో కుంటకి పైన రాళ్ల గుట్ట, దాని కింద కంచె భూమి, మూడు సన్నని వాగు గీతలు. గళ్ల కాగితం మీద లెక్కేస్తే 57 హెక్టార్లు, సుమారు 140 ఎకరాలు.

శాటిలైట్ ఎత్తుల డేటా కూడా దింపుకున్నాను. ముప్పై మీటర్లకో చుక్క ఉండే రకం. ఇది కొండలకి పనికొస్తుందేమో గానీ కాలనీకి పనికిరాదు. అయిదంతస్తుల అపార్ట్‌మెంటుని చూసి అదొక గుట్ట అనుకుంటుంది. ఆ డేటా ప్రకారం నీళ్లు మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారి పెంట్‌హౌస్ మీదనుంచి పుట్టి పారుతున్నాయి.

అందుకే కట్ట మీద మైసమ్మ గుడి దగ్గర కూర్చునే తాతని అడిగాను. వాళ్ల ఇంట్లో తరతరాలుగా నీరటి పని. తూము తీయడం, కట్టడం, మత్తడి చూసుకోవడం, ఎవరి మడికి ఎంతసేపో తేల్చడం వాళ్ల చేతిలో ఉండేది. ఇప్పుడు కింద మళ్లూ లేవు, ఆ పనీ లేదు.

"గీ కుంటకు మూడు నోళ్లుండె బిడ్డా," అన్నాడు. చేత్తో చూపించాడు. "ఒకటి గుట్టకెల్లి. ఒకటి ఈదులకెల్లి. ఒకటి గా రోడ్డు కిందికెల్లి. మూడు తెరిసుంటే పుష్యమికి మత్తడి దుంకుతుండె."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నువ్వే చెప్పు. కాయితాలు నీ కాడున్నయి గద."

మూడు చోట్లకీ నడిచాను. గుట్ట నుంచి వచ్చేదాన్ని ఒక వెంచర్ ప్రహరీ అడ్డంగా కోసేసింది. గోడ వెంబడి నీళ్లు పక్క లోయలోకి మళ్లిపోతున్నాయి. ఈత చెట్ల వైపుది బాగానే ఉంది. రోడ్డు కింద ఉండాల్సింది నాకు కనబడనే లేదు. కనబడిన దారొక్కటే, దాని కింద 21 హెక్టార్లు.

ఇక్కడ అకౌంట్స్ బుద్ధి పనికొచ్చింది. ఆరెకరాలు, సగటు లోతు 1.2 మీటర్లు అనుకుంటే కుంట నిండటానికి 2.9 కోట్ల లీటర్లు కావాలి. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. అందులో ఎనిమిదో వంతు పారుతుందని నా అంచనా వేసుకుంటే నేల మీద 100 మిల్లీమీటర్లు. 57 హెక్టార్లు ఉంటే కుంట నిండటానికి 51 చాలు. తాత చెప్పిన పుష్యమి మత్తడి నిజమే అయి ఉంటుంది. 21 హెక్టార్లే ఉంటే 138 కావాలి. వంద వచ్చే చోట నూట ముప్పై ఎనిమిది ఎక్కణ్ణుంచి తేవాలి? కొన్నేళ్ల క్రితం పూడిక కూడా తీశారు. పర్సు పెద్దది కొన్నట్టే అది, జీతం పెరగలేదు.

పుష్యమి, జూలై ఆఖరు

మూడో నోరు కోసం వెతుకులాట. దీనికి ఎత్తులు కచ్చితంగా తెలియాలి. పక్క సైటులో పనిచేసే మేస్త్రీ అన్న పాలమూరు నుంచి వచ్చాడు. లెవెల్ పైపు అరువిమ్మంటే, ఆదివారం తనే వచ్చాడు. పదిహేను మీటర్ల తెల్ల పైపు, లోపల నీళ్లు. ఒక కొస నా చేతిలో, ఒక కొస ఆయన చేతిలో. రెండు కొసల్లో నీళ్లు ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలబడతాయి కాబట్టి, అక్కడనుంచి నేల దాకా కొలిస్తే తేడా తెలిసిపోతుంది. పదిహేను మీటర్ల చొప్పున రోడ్డు పొడుగునా జరుపుకుంటూ పోయాం.

ఆఖర్న కూడితే కుంట వైపు నేల, మా వీధి కంటే పన్నెండు సెంటీమీటర్లు ఎత్తు! నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంటే నీళ్లు ఎత్తుకి పారాలా? అన్న ఏం మాట్లాడకుండా పైపుని వెలుతురుకి పట్టి చూశాడు. మధ్యలో చింతగింజంత బుడగ. వేలితో టకటకా కొట్టుకుంటూ దాన్ని కొస దాకా జరిపి బయటికి పంపాడు.

"బుడగ ఉంటే పైపు అబద్ధం చెప్తది మేడం. మళ్లీ మొదటికెల్లి పోదాం."

మళ్లీ మొదటినుంచి. రెండు గంటలు. ఈసారి కుంట వైపే 31 సెంటీమీటర్లు పల్లం. ఆయనకి టీ, సమోసా. డబ్బులిస్తే తీసుకోలేదు, "ఆదివారం పైసలకు రాలే" అన్నాడు.

మరి పల్లం ఉంటే నీళ్లు ఎందుకు వెళ్లవు? ఆ వారమే జవాబు దొరికింది. బుధవారం సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్మింది. ఆఫీసులో కడుపునొప్పి అని చెప్పి (చెప్పక తప్పలేదు) వచ్చేశాను. గొడుగు, చెప్పులు, కవర్లో అరకిలో మరమరాలు. నీళ్లు ఎటు పారుతున్నాయో కంటికి తెలియాలంటే తేలేవి ఏవో వేయాలి. కాగితం పడవలు రెండు నిమిషాల్లో మునుగుతాయి, థర్మకోల్ వేస్తే నేనే చెత్త పోసినట్టు. మరమరాలైతే ఎక్కడ ఆగినా గోరింకలు తినిపోతాయి.

పైన వెంచర్ రోడ్డు మీద గుప్పెడు చల్లాను. మరమరాలు సీసీ రోడ్డు కుడి అంచు వెంబడి చక్కగా తేలుకుంటూ కుంట వైపే వచ్చాయి. మలుపు దగ్గర స్పీడ్ బ్రేకర్. అక్కడ గుమిగూడి, ఒకసారి గుండ్రంగా తిరిగి, మొత్తం ఎడమకి మళ్లి మా వీధిలోకి పరుగెత్తాయి. మళ్లీ పైకెళ్లి ఇంకో గుప్పెడు. అదే తంతు. ఒక్క గింజ కూడా కుడికి వెళ్లలేదు. తడిసి ముద్దై ఆ స్పీడ్ బ్రేకర్ పక్కన నిలబడి నవ్వుకున్నాను. టోపోషీటులో గట్టు గీత కోసం నెల్లాళ్లు వెతికాను. ఇప్పటి గట్టు ఇదీ, నాలుగంగుళాల ఎత్తు, పసుపు చారలు.

స్పీడ్ బ్రేకర్‌కి కుడిపక్కన, రోడ్డు అంచున చెత్తకుప్ప. దాన్ని కాలితో కెలికితే సిమెంటు పైపు అంచు తగిలింది. రోడ్డుని మళ్లీ మళ్లీ పోస్తూ పోస్తూ ఎత్తు పెంచేశారు, మోరీ నోరు కింద పూడుకుపోయింది. తాత చెప్పిన మూడో నోరు అదే.

ఆశ్లేష, ఆగస్టు

వానలు తెరిపిచ్చాయి. ఈ ఖాళీలో కుంట దగ్గర కూర్చోవడం ఎక్కువైంది. కొలతలకంటే చూసినవి రాసుకుంటున్నాను.

ఈత చెట్లకి గిజిగాడు గూళ్లు. లెక్కపెడితే ఇరవై మూడు. అన్నీ నీళ్ల మీదికి వంగిన మట్టల కొసలకే. కింద నీళ్లుంటే పాములకీ పిల్లులకీ పిల్లకాయలకీ అందవు. రెండు చెట్ల కింద ఇప్పుడు నీళ్లు వెనక్కి జరిగి బురద తేలింది. ఆ వైపు గూళ్లలో సగం కట్టినవి సగంలోనే వదిలేశాయి. కారణం అదేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను, కానీ నీళ్ల మీదున్నవాటిలో ఒక్కటీ అలా వదల్లేదు.

గిట్టల గుంతల్లో తోకకప్పలు. ఒక గుంతలో నలభై దాకా, కాటుక చుక్కల్లా. వాటికి కాళ్లొచ్చి గట్టెక్కాలంటే ఇంకా కొన్ని వారాలు నీళ్లు నిలవాలి. మంగళవారం ఆ గుంతలో మూడు వేళ్ల లోతు. శుక్రవారానికి ఒక వేలు. శనివారం తెల్లకొంగ ఒకటి గుంత నుంచి గుంతకి అంగలు వేస్తూ ఫలహారం చేస్తోంది. కొంగని తప్పుపట్టేదేముంది. పాప మాత్రం మగ్గుతో నీళ్లు మోసి రెండు గుంతలు నింపింది.

కంకర తిన్నె మీద తీతువు జంట పిల్లల్ని లేపింది. మనిషి కనబడితే చాలు గోల. నామాల కోళ్లు, బుడుంగలు నీళ్లున్న మూలకే పరిమితం. బురదలో నెమలి అడుగులు, ఉడుము తోక ఈడ్చిన గీత. చిలుకూరు దగ్గర మృగవని నేషనల్ పార్క్ మూడున్నర చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది, దానికి కంచె ఉంది. కంచె బయట తిరిగే వాటికి ఇలాంటి కుంటలే దిక్కు.

బకెట్ పరీక్ష కూడా చేశాను. నిండా నీళ్లు పోసిన బకెట్ ఒడ్డున పెడితే రోజుకి అయిదారు మిల్లీమీటర్లు ఆవిరైంది. కుంట మట్టం అదే రోజుల్లో తొమ్మిది తగ్గింది. ఆ తేడా భూమిలోకి దిగుతున్నట్టు. అది పోయిందని బాధపడక్కర్లేదు. మోటబాయిలో 'టుబ్' ఇప్పుడు 9.7 దగ్గర వినిపిస్తోంది. మన దగ్గర కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. నీళ్లు దాచుకునేది పైన ఉన్న మొరంలోనూ, దాని కింద పగుళ్లలోనూ. అది దాటితే పగుళ్లు లేని గట్టి షీట్‌రాక్. మా కాలనీలో 900 అడుగుల బోరు ఒకటి దుమ్ము కక్కి ఊరుకుంది. కుంట కింద అరవై అడుగుల బాయి మాత్రం ఇంకా పలుకుతోంది.

మఖ, ఆగస్టు ఆఖరు

అసోసియేషన్ మీటింగులో మరమరాల వీడియో చూపించాను. కుంట గురించి మాట్లాడితే ఫోన్లు చూసుకున్నారు. "మీ వీధి మునగడానికి కారణం ఇదే" అనగానే అందరూ ముందుకి జరిగారు. పక్షుల గురించి చెప్పాలనుకున్న రెండు స్లైడ్లు తీసేశాను. పని కావాలి గానీ.

రిటైర్డ్ సారు అడ్డు చెప్పారు, అదీ సబబైన మాటే. "రోడ్డు నీళ్లు కుంటలోకి వదిలితే ఆయిలూ ప్లాస్టిక్కూ అందులోకే పోవా? హుస్సేన్ సాగర్‌ని చూడలేదా?" కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ దాన్లోకే వస్తాయి. 1562లో మూసీ నుంచి కాలువ తవ్వి నింపిన చెరువుకి ఆ నాలాలే ఏం చేశాయో నగరం అంతా ముక్కు మూసుకుని చూసింది. నీళ్లొచ్చే నేల ఎలా ఉంటే చెరువు అలా ఉంటుంది. అందుకని మోరీ నోటి దగ్గర మట్టి నిలిచే గుంత ఒకటి, ఇనుప జాలీ ఒకటి పెట్టాలని ఒప్పుకున్నాం. పనిలో పనిగా ఒక ఇంటి సెప్టిక్ ట్యాంకు పైపు వరద కాల్వలో కలిపి ఉందని కూడా బయటపడింది. ఆ ఇంటాయన మీటింగులోనే ఉన్నాడు. చప్పుడు చేయలేదు.

సారు ఇంకో సంగతి కూడా చెప్పారు, ఆయన చిన్నప్పటిది. గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్ దాకా పంపు లేకుండా వాటంతటవే పారి వచ్చేవట. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయాక, విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ (గండిపేట అనేది దీన్నే) 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండూ కలిపి ఏడు టీఎంసీలకు కాస్త తక్కువ. వరద ఆపడానికి కట్టినవే ఊరి దాహమూ తీర్చాయి. ఇప్పుడు కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్ల పైనుంచి, గోదావరి నీళ్లు ఇంకా దూరం నుంచి కరెంటు పెట్టి తోడుకొస్తున్నాం.

ఆ రెండు జలాశయాల కోసమే 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు. 2022 ఏప్రిల్లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. ఈ విషయం మీద మా కాలనీలో మాట్లాడటం కష్టం. మా ఇళ్లు కూడా ఆ నేల మీదే ఉన్నాయి. నాది కూడా. కొన్నప్పుడు నేనూ అడగలేదు.

మోరీ తెరవడానికి అర్జీ పెట్టాం. ఒక ఆఫీసులో అది మూడుసార్లు మాయమైంది, నాలుగోసారి జిరాక్స్ మీద ముద్ర వేయించుకున్నాం. పైపు మీద 0.74.

పుబ్బ, సెప్టెంబర్

అనుమతి నోటిమాటగా దొరికింది. "మీరే చేసుకోండి, మేం అడ్డం రాము" అన్నట్టు. ఆదివారం పొద్దున ఆరింటికి మొదలు. జేసీబీ మూడు గంటలు, డీజిల్‌తో కలిపి నాలుగున్నర వేలు, చందాలే. మిగతాది పారలు, గడ్డపారలు, తట్టలు. మోరీలోంచి వచ్చినవి: టైల్స్ ముక్కలు, సిమెంటు సంచులు, ఒక దిండు, చీర, గణపతి మండపం తాలూకు థర్మకోల్ స్తంభం, పగిలిన కమోడ్. లోపలికి దూరి లాగింది మేస్త్రీ అన్న తమ్ముడు. అతను అవతలి వైపునుంచి తల బయటపెట్టగానే అందరూ చప్పట్లు.

స్పీడ్ బ్రేకర్‌ని కుడి కొసన అడుగున్నర కోశాం. బండ్లకి ఏ తేడా లేదు, నీళ్లకి దారి దొరికింది. లెవెల్ పైపుతో మళ్లీ చూసుకున్నాం, ఈసారి బుడగ చూశాకే.

దీంతో ఇంకో 15 హెక్టార్లు కలిసింది. 21, 15 కలిపి 36. నిండటానికి కావాల్సింది 81 మిల్లీమీటర్లు, వచ్చేది వంద. ఆవిరిని లెక్కేస్తే అంతంతమాత్రం. గుట్ట వైపు ప్రహరీ సంగతి మేం కదపలేదు. ఆ గోడ ఎవరిదో కాలనీలో అందరికీ తెలుసు, ఎవరూ పేరెత్తరు. నా నోట్‌బుక్కులో మాత్రం 57లో మిగిలిపోయిన ఆ గుట్ట వైపు 21 హెక్టార్లు ఎర్ర ఇంకుతో ఉన్నాయి, రావాల్సిన బాకీ.

నీరటి తాత వచ్చి చూసి, మత్తడి దగ్గరికి తీసుకెళ్లాడు. "నోరు తెరిసిన్రు, మంచిదే. మరి ఇది?" మత్తడి కింద కాల్వలో ఇద్దరు షెడ్లు వేసుకున్నారు. నీళ్లు వచ్చే దారి గురించే ఆలోచించాను గానీ పోయే దారి గురించి ఆలోచించలేదు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజే 32 సెంటీమీటర్ల వాన పడిన రాత్రి, బండ్లగూడ దగ్గర పల్లెచెరువు కట్ట తెగి కింది కాలనీలు మునిగాయి. ఒకదాని నీళ్లు ఇంకోదాన్లోకి పారే గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి తెగితే ఆ బరువంతా కిందిదాని మీదే. కుంట నింపుతామన్నవాళ్లం మత్తడి కాల్వ ఖాళీ చేయించకపోతే అది వేరే రకం తప్పు. షెడ్లవాళ్లతో మాటలు మొదలయ్యాయి. ఒకాయన అటు జరుపుకుంటానన్నాడు, ఇంకొకాయన చూద్దామన్నాడు.

ఉత్తర, సెప్టెంబర్ మధ్య

'ఉత్తర చూసి ఎత్తర గంప' అని సామెత. ఉత్తర కార్తెలోనూ వాన పడకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవమని. పదకొండు రోజులు చినుకు లేదు. మోరీ తెరిచి, చందాలు ఖర్చుపెట్టి, ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాం. వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఎండలో మెరుస్తున్న కుంట ఫోటో పెట్టి నవ్వు బొమ్మ కూడా పెట్టాడు.

శుక్రవారం రాత్రి పదకొండింటికి మొదలైంది. పొద్దున సీసాల సగటు 41. కట్ట మీదికి పరుగెత్తాను. పైపు మీద నిన్న 0.79. ఇవాళ 1.02.

ఇరవై మూడు సెంటీమీటర్లు. 230లో 41 తీసేస్తే 189 మిల్లీమీటర్లు నేల మీదనుంచి వచ్చినవి. ఆరుద్రలో ఇదే 12. ఇందులో మోరీ గొప్ప ఎంత, తడిసి ఉన్న నేల గొప్ప ఎంత అనేది విడదీసి చెప్పలేను. ఆరుద్ర వాన ఎండిన మట్టి మీద పడింది, ఇది నానిన మట్టి మీద. సరిగ్గా తేలాలంటే వచ్చే ఏడు కూడా ఇవే కొలతలు తీయాలి. కానీ మా వీధిలో నీళ్లు నిలవలేదు, అది మాత్రం ఖాయం. గ్రూపులో ఆ నవ్వు బొమ్మ పెట్టినాయన పొడి వీధి ఫోటో పెట్టాడు.

జాలీ దగ్గర రెండు తట్టల ప్లాస్టిక్. నీళ్ల మీద రెండుచోట్ల ఇంద్రధనుస్సులా ఆయిల్ తెట్టు. సారు చూసి ఏం అనలేదు, ఆయన అనకపోవడం అంటే అన్నట్టే. గుంత ఇంకా పెద్దది తవ్వాలి.

హస్త, అక్టోబర్ మొదట్లో

సద్దుల బతుకమ్మ. ఈసారి మా కాలనీ ఆడవాళ్లం ప్లాస్టిక్ టబ్బులో కాకుండా కుంటలోనే వేయాలనుకున్నాం. గునుగు పూలు పావుకిలో యాభై రూపాయలు పెట్టి మెహిదీపట్నంలో కొన్నాను. కట్ట మీద ఊరి వదిన నా చేతిలో సంచి చూసి నవ్వింది. "కొన్నవా? ఎన్కట గుట్ట కిందంత గునుగే ఉండె. చేతులతోని తెంపుకొస్తుంటిమి." గుట్ట కింద అంటే ఆ ప్రహరీ లోపల. మొదటి నోటి నీళ్లు పారాల్సిన నేలా, గునుగు పూసిన నేలా ఒకటేనని అప్పటిదాకా నాకు తెలియదు.

మోటబాయి 6.8. గిజిగాడు పిల్లలు ఎగిరిపోయాయి, ఖాళీ గూళ్లు గాలికి ఊగుతున్నాయి. తూము దగ్గర ఇద్దరు పిల్లలు గాలం వేసుకుని కూర్చున్నారు. కొర్రమీను కోసమట, దొరికింది జిలేబీ చేపలే.

మెట్లు లేవు, బురద ఒడ్డు మీదే ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగి బతుకమ్మల్ని వదిలాం. అవి తేలుకుంటూ వెళ్లి నేరుగా నా కొలత పైపు దగ్గర గుమిగూడాయి. తంగేడు, గునుగు, బంతి పూలు ముళ్లకంపకి చిక్కుకుని అంకెలు కనబడకుండా కప్పేశాయి. ఆ రోజు రీడింగు రాయాల్సి ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుని గుండెల లోతులోకి దిగి, ఫోన్ లైట్ నోట్లో పెట్టుకుని, పూలు రెండు చేతులా పక్కకి జరిపాను.

1.32. మత్తడికి ఇంకా డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు.

ఒడ్డునుంచి పాప అరిచింది, "ఎంత?" అని.